కొంగున పడని పుట్టువెంట్రుకలు

"రేయ్ బీరేశూ, మీయమ్మతో చెప్పు. పది గంటల బస్సుకు మీ జేజి పోతాందని."

పెద్దసుబ్బమ్మ ఆ మాట మనవడితో అంది. మనవడు గంధం పూసిన బోడిగుండుతో చాప మీద కూర్చుని స్టీలు గ్లాసును నేలకేసి కొడుతున్నాడు. వాడికింకా మాటలు రావు. అయినా శనివారం గండి గుడి నుంచి వచ్చినప్పటినుంచీ ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మాటలన్నీ వాడి మీదుగానే నడుస్తున్నాయి.

పొయ్యి ముందు నిలబడిన నందిని చేతిలో గరిటె ఆగింది.

"బీరేశూ, మీ జేజికి చెప్పు నాయనా. బొరుగుల ఉగ్గాని చేస్తాండా, రోంత తిని పొమ్మని."

"మీ జేజికి ఆకలి లేదని చెప్పురా."

బీరేశు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గ్లాసు విసిరేసి, చప్పట్లు కొట్టాడు.

అద్దం ముందు తల దువ్వుకుంటున్న జయచంద్ర వెనక్కి తిరిగాడు. "వానికి మాటలు రాకముందే రాయబారం నేర్పిస్తాండారు గదా మీరిద్దరూ! అమ్మా, ఇంగో రెండు దినాలుంటే ఏం పోయె? గొర్రెలను నాయన చూసుకుంటాండాడు గదా."

"గొర్రెలను మీ నాయన చూసుకుంటాడు. మీ నాయనను ఎవురు చూసుకుంటారు?"

"అన్నం వండుకోలేడా?"

"వండుకుంటాడు. గొర్రెలకు పెట్టి, తను మర్చిపోతాడు."

వేరే రోజయితే ముగ్గురూ నవ్వేవాళ్ళే. సొంతూరు లింగాలలో ఉన్న నాగప్ప సంగతి అందరికీ తెలిసిందే. ఈ రోజు ఎవరూ నవ్వలేదు. పెద్దసుబ్బమ్మ రెండు చీరలు మడిచి సంచిలో పెట్టుకుంది. పైన వక్కాకు తిత్తి పెట్టింది. పెట్టి మళ్ళీ తీసి, బొడ్లో దోపుకుంది.

జయచంద్ర వంటింటి గడప దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నువ్వన్నా ఉండమని చెప్పొచ్చు గదా మే. ఆ ఫోన్లో ఊరందరికీ చెప్తాంటావు, ఇట్ల చేయండి, అట్ల చేయండని. ఇంట్లో మనిషికి ఒక మాట చెప్పేకి రాదా నీకు?"

నందిని ఉగ్గానిలో ఉప్పు వేసిందో లేదో గుర్తురాక, మళ్ళీ వేయబోయి ఆగింది.

అన్నాక అతనికే బాధేసింది. ఆమె భుజం మీద చెయ్యి వేయబోయాడు. తల్లి చూస్తోందని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. శ్రావణమాసం, పెళ్ళిళ్ళ బేరాలు, బట్టలకొట్లో ఊపిరి సలపని పని. చెప్పులేసుకుని, కొడుకు గుండు మీద ముద్దు పెట్టి, మూతికంటిన గంధం తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అతని వెనకే పక్క పోర్షన్ నుంచి ఇంటి ఓనరమ్మ సైదున్నీసా వచ్చింది. చేతిలో తమలపాకులు.

"సుబ్బమ్మక్కా, లేతాకు తెప్పించినా. వక్కాకు ఏస్కుందువు దా."

"వద్దులే బూబమ్మా. నోరు బాగలేదు."

సైదున్నీసా కనుబొమలు పైకి లేచాయి. వక్కాకు లేనిదే పెద్దసుబ్బమ్మకు పొద్దు పొడవదని ఆ వీధందరికీ తెలుసు. వెళ్ళేముందు నందిని చెవిలో అంది: "శనివారం నుంచి తిత్తి ముడి గూడా ఇప్పలేదు బేటీ. కోపం శానా లోతుకు పోయిండాది. కాళ్ళమీదన్నా పడు."

*

గండిలో జరిగినదాన్ని ఈ ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనలేదు. అని ఉంటే బాగుండేది. అన్న మాటకు ఏడవొచ్చు.

వాళ్ళ ఇళ్ళల్లో పుట్టువెంట్రుకలకు ఒక పద్ధతి ఉంది. సొంత గొర్రెల బొచ్చుతో నేసిన నల్లకంబళి పరుస్తారు. మేనమామ ఒళ్ళో బిడ్డ. ఎదురుగా తల్లి కొంగు చాచి కూర్చుంటుంది. మొదటి వెంట్రుకలు నేల తాకకూడదు, తల్లి కొంగున పడాలి. తర్వాత ఆ తల్లే వెళ్ళి తన చేత్తో పాపఘ్ని ఏట్లో వదలాలి. అప్పటికి మొక్కు తీరినట్టు.

ఆ మొక్కు మొక్కింది నందినే. బీరేశు నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రిలో గాజుపెట్టెలో పడుకున్నప్పుడు, బయట కటకటాల దగ్గర నిలబడి మొక్కింది. "వీడు నా ఒళ్ళోకి వస్తే చాలు సామీ, గండిలో నీ కాడికి తెచ్చి పుట్టెంట్రుకలు ఇస్తా."

వాడు ఒళ్ళోకి వచ్చాడు. గండికీ వెళ్ళాడు. కొంగు పట్టాల్సిన సమయానికి తల్లే లేదు.

కల్యాణకట్ట దగ్గర నెట్ సరిగా అందక, తల్లి పైన రోడ్డు మీద టెంకాయల అంగళ్ళ పక్కన నిలబడి ఫోన్లో టైపు చేస్తోంది.

పదసంత అని ఒక యాప్. అందులో వ్యాసాలు రాయమని ఆర్డర్లు వస్తాయి. ముందు ఎవరు తీసుకుంటే వాళ్ళవి. జుట్టు రాలకుండా చిట్కాలు, వారఫలాలు, పసిపిల్లల జలుబు, ఏదైనా సరే. దాని దుడ్లు ఒక నెల బీరేశు డైపర్లకు సరిపోయేవి, ఒక నెల సరిపోయేవి కావు. రాసినదాని కింద ఆమె పేరుండదు. గడువు దాటితే ఖాతాకిచ్చిన నక్షత్రం పోతుంది. నక్షత్రం పోతే ఆర్డర్లు పోతాయి.

ఆ వారం వచ్చిన ఆర్డరు చూసి నందిని ఎగిరి గంతేసింది. 'పుట్టువెంట్రుకల వేడుకలో తల్లి చేయాల్సినవి.' ఇన్నాళ్ళకు తనకు తెలిసింది రాయమన్నారు! అత్త చెప్పినవన్నీ గుర్తు తెచ్చుకుని, కంబళి, కొంగు, ఏరు, అన్నీ పెట్టి రాసింది.

సరిగ్గా శనివారం పొద్దున, గండిలో క్యూలో ఉండగా, అది తిరిగొచ్చింది. కింద ఎడిటర్ రాసిన ముక్క: 'కొంగు శుభ్రంగా అనిపించదు. శుభ్రమైన పళ్ళెం అని మార్చండి. కంబళి తీసేసి తెల్లటి టవల్ పెట్టండి. మధ్యాహ్నంలోగా పంపాలి.'

"జగదీశూ, ఇప్పుడే వస్తా. పిల్లోని చూస్తాండు" అని తమ్ముడితో చెప్పి పరుగెత్తింది. ఆమె ఫోన్లో కాల్ వస్తే నెట్ ఆగిపోతుంది, రాసిందంతా పోతుంది. అందుకని రాసేటప్పుడల్లా కాల్స్ రాకుండా పెట్టుకోవడం అలవాటు. ఆ రోజూ అలాగే పెట్టింది. ముందున్న కుటుంబం తమవాళ్ళెవరో రాలేదని పక్కకు తప్పుకుంది. వీళ్ళ వంతు ముందుకొచ్చింది. ఎంత చేసినా ఫోన్ కలవలేదు. వెనక జనం తోస్తున్నారు, మంగలి తొందరపెడుతున్నాడు.

ఆమె దిగివచ్చేసరికి బీరేశు గుండుతో ఉన్నాడు. అమ్మను చూసి రెండు చేతులూ చాచి వెక్కి వెక్కి ఏడ్చాడు. పెద్దసుబ్బమ్మ కొంగు ఒడిసిపట్టుకుని లేచి, కోడలి ముఖంలోకి ఒక్కసారి చూసి, ఏటి వైపు నడిచింది.

వెంట్రుకలు ఏం చేశారని నందిని అడగలేదు. అడిగే ముఖమేది?

అప్పటినుంచీ పిల్లవాడు కాస్త వెచ్చగా అనిపిస్తే చాలు, ఆమెకు జ్వరమేమోననిపిస్తోంది. ఎండకు తిరిగిన వేడి అంతే, ఒంట్లో ఏం లేదని తనకూ తెలుసు. అయినా చెయ్యి ఊరుకోదు. పాలు పట్టేటప్పుడు మెడ కింద, నిద్రలో పాదాల మీద, పెట్టి చూస్తూనే ఉంది. మొక్కు సగంలో ఆగిపోయింది. సగంలో ఆగినదాన్ని దేవుడు ఎలా లెక్క కడతాడో ఆమెకు తెలియదు.

*

షెల్ఫు మీద ఫోన్ టింగుమంది. పదసంత చప్పుడు.

నందిని తీసి చూసింది. 'కొత్త ఆర్డర్: అత్తాకోడళ్ళ మధ్య గొడవలు రాకుండా ఏడు చిట్కాలు.' నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వేలు అలవాటుగా 'తీసుకో' అన్న బొత్తాం మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. కాసేపటికి ఆ ఆర్డరు వేరెవరో తీసుకున్నట్టు బూడిదరంగులోకి మారింది.

"యాల తీసుకోలా?"

నందిని ఉలిక్కిపడింది. ఆ మాట బీరేశుతో అన్నది కాదు. గడపలో కూర్చున్న పెద్దసుబ్బమ్మ నేరుగా తననే చూస్తోంది.

"ఊరికే అత్తా."

"ఊరికే నువ్వు వదల్తావా! బాలింతగా పడుకోని గూడా రాస్తివి." సంచి పక్కకు జరిపింది. "ఆ పొద్దు అంతగా ఏం రాస్తాంటివి మే నువ్వు? పిల్లోడు గొంతు పోయేటట్టు ఏడ్చినాడు. అంత పని ఏముండె?"

ఇన్నిసార్లు మనసులో భయపడిన ప్రశ్న. వచ్చేశాక అంత భయమనిపించలేదు. నందిని వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. "చదువుతా, విను" అంది.

తను మొదట రాసింది చదివింది. నల్లకంబళి ఎందుకు పరుస్తారో, మేనమామ బిడ్డను ఎలా పట్టుకోవాలో, తల్లి కొంగు ఎంత చాచాలో. వింటూ వింటూ పెద్దసుబ్బమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

"ఇది నేను చెప్పిందే గదా! ఆ పొద్దు మినప్పప్పు ఏరుతా చెప్తి."

"నువ్వు చెప్పిందే అత్తా. ఇప్పుడు ఇది విను. వాళ్ళు మార్చమంటే నేను మార్చింది."

"'శుభ్రమైన తెల్లటి టవల్ పరచాలి. తల్లి ఒక పళ్ళెం పట్టుకుని...'" అని చదవసాగింది నందిని.

"పళ్ళెమా? పళ్ళెంలో ఏందిమే, అది టిఫినా?"

నందినికి నవ్వు ఆగలేదు. శనివారం తర్వాత ఆ ఇంట్లో పైకి వినిపించిన మొదటి నవ్వు అదే. బీరేశు కూడా ఎందుకో తెలియకుండానే కేరింతలు కొట్టాడు. పెద్దసుబ్బమ్మ మాత్రం నవ్వలేదు.

"ఎవురు చెప్పినారు పళ్ళెమని?"

"ఎడిటరు సారు."

"ఆయప్పకు పిల్లోళ్ళు ఉండారా?"

"తెలీదు. నేనెప్పుడూ చూడలేదు."

"పేరేంది?"

"అది గూడా తెలీదత్తా."

"ఇన్నాళ్ళు పని చేస్తివి, పేరు తెలీదా! మా కాడ గొర్రెలు కొనే అలీ అహ్మదుకు మా పొట్టేళ్ళ పేర్లు గూడా తెలుసు. బక్రీదుకు కోసేది కూడా పేరు పెట్టి పిలిచి తోలుకపోతాడు." ఆమె ముందుకు వంగి ఫోన్ వైపు చూసింది. "దాంట్లో నీ పేరు యాడుండాది?"

"ఉండదు."

పెద్దసుబ్బమ్మ బీరేశు దొర్లించిన గ్లాసు తీసి పక్కన పెట్టింది. బయట ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

"అత్తా, నేనిది మానేస్తాండా."

తను ఆశించినట్టు అత్త ముఖం వెలగలేదు. పైగా కంగారు పడింది.

"నాకోసరం మానద్దు మే. నేను కోపంగా ఉండానని మానద్దు. నీ చదువు మేము నిలిపిస్తిమి. పెండ్లప్పుడు చదివిస్తామంటిమి, తర్వాత కడుపుతో ఉండావని కాలేజీకి పంపకపోతిమి. ఇది గూడా మేమే నిలిపిస్తిమనే మాట నాకొద్దు. ఊర్లో అందరికీ నేనే చెప్పుకుంటి, మా కోడలు ఫోన్లో రాస్తాది, ఊర్లూర్లు చదువుతారని."

ఇన్నాళ్ళూ నందిని, డిగ్రీ రెండో ఏడాదిలో ఆగిపోయిన దానికి ఆ యాప్‌లోని పసుపు నక్షత్రమే పట్టా అనుకుంది. దాన్ని చూసి ఈ ప్రపంచంలో మురిసిపోయేది తనొక్కతే అనుకుంది. లింగాలలో ఇంకొకరు కూడా మురిసిపోతున్నారని తెలియదు.

"నీకోసరం కాదత్తా. కొంగు తీసేసి పళ్ళెం అని పెట్టింది ఈ చెయ్యే. ఆయప్ప చెప్పినాడు, సరే. మన ఇంట్లో ఏం చేస్తారో నాకు తెలుసు. తెలిసీ తెలీనట్టు రాస్తి. ఆడ నేను కొంగు కొట్టేసేటప్పుడే ఈడ నా పిల్లోనికి కొంగు లేకపోయె." ఏడవకూడదనుకుంది. ఏడ్చేసింది. "ఇంగ రాయలేను. రాస్తే నాకు తెలిసింది రాయాల. లేకుంటే ఊరకుండాల."

పెద్దసుబ్బమ్మ కొంగు చివరతో ఆమె ముఖం తుడిచింది. గట్టిగా, గిన్నె తుడిచినట్టు తుడిచింది.

"అయితే ఆయప్పకు చెప్పి మానుకో. చెప్పకుండా పోతే మర్యాద గాదు."

యాప్‌లో ఎక్కడో అడుగున, వెతికితేగానీ కనిపించని చోట, 'ఖాతా మూసివేయి' అని ఉంది. నొక్కితే కారణం అడిగింది. వేరే ఉద్యోగం దొరికింది. సమయం లేదు. ఇతర కారణం.

"ఏమంటాంది?"

"ఎందుకు పోతాండావని అడుగుతాంది."

"చెప్పు మరి. మా పిల్లోని యెంట్రుకలు పళ్ళెంలో పడవు అని రాయి."

నందిని 'ఇతర' నొక్కి ఆ మాటే రాసింది. సరిపోదు, ఇంకా రాయాలి అంది యాప్. పెద్దసుబ్బమ్మకు తిక్కరేగింది. "పొయ్యేటప్పుడు గూడా ఊరికే రాయించుకుంటాందా ఇది!" అని, చెప్పుకుంటూ పోయింది. కంబళి ఎందుకు నల్లగా ఉండాలో, కొంగు ఎందుకు మెత్తగా ఉండాలో, తల్లి ముఖం కనిపిస్తే బిడ్డ కత్తికి ఎందుకు బెదరడో. నందిని ఒక్క మాట మార్చకుండా రాసింది. ఆ పెట్టెలో పట్టినంతా రాసి, చివర్లో తన పేరు రాసింది. నందిని, ప్రొద్దుటూరు.

నొక్కింది. పసుపు నక్షత్రం మాయమైపోయింది.

ఆమెకు ఏదో పెద్ద తప్పు చేసినట్టూ ఉంది, పిల్లవాడికి జ్వరం దిగినట్టూ ఉంది. ఇంకేం చేయాలో తోచక, శనివారం నుంచి అలాగే ఉండిపోయిన, కాల్స్ ఆపే సెట్టింగు తీసేసింది. ఇకమీదట ఎవరు ఎప్పుడు పిలిచినా మోగుతుంది.

"అత్తా." ఇప్పుడడగొచ్చనిపించింది. "ఆ పొద్దు... యెంట్రుకలు ఏం చేస్తివి?"

పెద్దసుబ్బమ్మ ఒక నిట్టూర్పు విడిచింది. మోస్తున్న గంప దించినట్టు.

"అడుగుతావా, అడగవా అని శనివారం నుంచి చూస్తాండా."

"అడిగేకి మొగం యాడుండాదత్తా!"

బొడ్లోంచి వక్కాకు తిత్తి తీసింది. ముడి విప్పింది. లోపల ఆకుల్లేవు, వక్కల్లేవు, సున్నం డబ్బీ లేదు. తిత్తి ఉతికి ఆరేసినట్టుంది. పసుపు గుడ్డలో చిన్న మూట. గుడ్డ విప్పితే, గాజుపెట్టెలో ఉన్నప్పుడు తడిగా నుదుటికి అంటుకుని ఉన్న ఆ మెత్తటి జుట్టు.

"నా కొంగున పట్టినా. ఏటికాడికి పోతి. నా చెయ్యి రాలేదు. మొక్కిన తల్లి వేరే ఉంటే నేనెట్ల వదిలేది? పెట్టుకునేకి వేరే తావు లేక దీన్ని కడిగి దీంట్లో పెట్టినా. మళ్ళా ఎంగిలి చెయ్యి పెట్టగూడదు గదా, వక్కాకు మానుకుంటి." నోరు చప్పరించింది. "నోరు పీక్కపోతాంది మే నాకు."

నందిని ఆ మూటను ముట్టుకోలేదు. అత్త మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. గరుకు చెయ్యి ఒకటి వచ్చి ఆమె జడ మీద ఆగింది.

"నేను లింగాలకు పోతాండానని ఎవురన్నారు నీకు? నువ్వు అడగకపోతే ఈ పొద్దు గండికి పోయి నేనే వదిలేద్దామనుకుంటి. చెల్తాదో చెల్లదో. లే ఇంగ. పిల్లోనికి టోపీ పెట్టు, ఎండ. ఆ ఉగ్గాని డబ్బాలో ఏయి, నాకు శానా ఆకలిగా ఉండాది. ఆడోళ్ళకు బస్సు ఎట్లా ఊరకే గదా."

*

గండి పక్కనున్న వేంపల్లెకు పోయే బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన పెద్దసుబ్బమ్మ, ఆమె ఒళ్ళో టోపీ పీకేస్తున్న బీరేశు. పసుపు మూట ఇప్పుడు నందిని కొంగున ముడివేసి ఉంది. ఆ ముడిని ఎడమచేత్తో పట్టుకునే ఆధార్ కార్డు చూపించింది, టికెట్ తీసుకుంది.

ఫోన్ మోగింది. తెలియని నంబరు. పదసంత లేని ఫోన్ మోగడం ఆమెకు వింతగా ఉంది.

"నందిని గారేనా అండీ?" ఆడగొంతు. అలిసిపోయిన, సన్నని గొంతు. "నేను... పదసంతలో మీ వ్యాసాలు చూసే ఎడిటర్ని. మీ ఖాతాలోని నంబరు చూసి చేస్తున్నాను."

నందిని ఫోన్ చెవికి ఇంకాస్త గట్టిగా ఆనించుకుంది. ఇన్నాళ్ళూ తను సారు అనుకున్న మనిషి.

"ఖాతా మూయొద్దని చెప్పడానికి కాదండి. అది మూసేశాను. మీరు కారణం దగ్గర రాసింది చదివాను. రెండుసార్లు చదివాను. పళ్ళెం అని మార్చమన్నది నేనే. నాకు తెలియదండి. మా పెళ్ళి తర్వాత మా వాళ్ళెవరూ మాతో మాట్లాడరు. ఇలాంటివి చెప్పేవాళ్ళు లేరు. వచ్చే నెల మా పాపకు తీయించాలి. తల్లి ముఖం కనిపిస్తే బెదరదని రాశారు కదా... అది ఎలా కూర్చోవాలి? మీ అత్తగారు ఒకసారి నాతో మాట్లాడతారా?"

ఆమె వెనక ఎక్కడో ఒక పసిబిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది.

"ఎవురు మే?" అంది పెద్దసుబ్బమ్మ, నోటినిండా ఉగ్గానితో.

నందిని అత్త వైపు చూసింది, చేతిలో ముడి వైపు చూసింది. ఇన్నాళ్ళుగా ఎరుపు గీతలతో తన మాటలన్నీ కొట్టేసిన చెయ్యి ఇప్పుడు అవతల ఫోన్ పట్టుకుని, బహుశా బిడ్డను జోకొడుతూ, జవాబు కోసం ఎదురుచూస్తోంది. కోపం తెచ్చుకోవాలనుకుంది. రాలేదు.

బస్సు ఒక కుదుపుతో కదిలింది.

"మాట్లాడిస్తాలేండి," అంది నందిని. "ముందు ఒక మాట చెప్పండి. మీ పేరేంది?"

చాన్నాళ్ళుగా ఎవరూ అడగనట్టు, అవతల గొంతు మెల్లగా తన పేరు చెప్పింది. వెనక బిడ్డ ఏడుపు వినిపిస్తుండగానే నందిని ఫోన్ అత్త చేతికిచ్చింది.